రాగిరేకు మీద పాట ఉంది, బాణీ లేదు: ‘సమాచారం’ అనే మాటలోని చిక్కుముడి

తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అని ఒక చిన్న అర ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) పాటల్ని ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల హయాంలో రాగిరేకుల మీద చెక్కించి అందులో దాచారు. తర్వాత వందల ఏళ్లు వాటి ఊసు జనానికి పెద్దగా లేదు. 1920ల్లో అవి వెలుగులోకి వచ్చాక పండితులు చదివి, ఎత్తి రాసి, అచ్చు వేశారు. మనవడు చిన్నన్న రాసిన చరిత్ర ప్రకారం అన్నమయ్య చెప్పిన సంకీర్తనలు 32 వేలు. మనకు దక్కినవి 12 వేలకు పైగా. తాటాకైతే చెదలు తినేసేవి. రాగి కాబట్టి నిలబడింది.

బాణీలు మాత్రం రాలేదు. పాట నెత్తిన రాగం పేరు చెక్కి ఉంటుంది, అంతే. ఎక్కడో ఒకటీ అరా తప్పిస్తే స్వరం రాసి లేదు. ఇవాళ కచేరీల్లో, యూట్యూబ్‌లో, పెళ్లి పందిళ్లలో మనం వినే అన్నమయ్య బాణీలు దాదాపు అన్నీ 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు ఒక్కో పాటనూ ముందేసుకుని కూర్చుని బాణీ కట్టారు.

ఇప్పుడు దేశమంతా రాతప్రతుల్ని కంప్యూటర్లకు ఎక్కించే పని జరుగుతోంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతుల్ని సర్వే చేసి భద్రపరుస్తానంటోంది. చాలా మంచి పని. అయితే ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘మన సంస్కృతి సమాచారం ఇక భద్రం’ అనే మాట కూడా వినిపిస్తుంది. నాకు అక్కడే రాగిరేకులు గుర్తుకొస్తాయి. ఏ సమాచారం భద్రం? ఆ మాటకు నాలుగైదు అర్థాలున్నాయి. ఒకటి దక్కినంత మాత్రాన తక్కినవీ దక్కుతాయని లేదు.

ఉభయకుశలోపరి: ఊహించలేనిదే సమాచారం

మన ఇళ్లలో సమాచారం అంటే కబురు. ‘మీ సమాచారములు తెలియజేయగలరు’ అని పాత ఉత్తరాల చివర ఉండేది. ఆ ఉత్తరాల మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అనీ ఉండేది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అని. ప్రతి ఉత్తరంలోనూ అదే. చదివేవాళ్ల కన్ను దాన్ని దాటేసి కింది లైనుకు వెళ్లిపోయేది.

1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచే పద్ధతి ఒకటి చెప్పాడు. టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగల మీద ఎంత పంపగలం అన్నది ఆయన ముందున్న సమస్య. వచ్చే మాట ముందే తెలిసిపోతుంటే అందులో సమాచారం లేనట్టే. ఎంత ఊహించలేనిదైతే అంత ఎక్కువ ఉన్నట్టు. ఉదాహరణకు గాలి ఎనిమిది దిక్కుల్లో ఏ వైపు నుంచి వీస్తోందో మీకు తెలియదనుకోండి, ఏ దిక్కుకైనా సమాన అవకాశం ఉందనుకోండి. అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలు మూడు చాలు దాన్ని పట్టుకోవడానికి. మొదటి ప్రశ్నకు ఎనిమిది నాలుగవుతాయి, రెండోదానికి నాలుగు రెండవుతాయి, మూడోదానికి ఒకటే మిగులుతుంది. ఒక్కో అవును-కాదు జవాబు ఒక బిట్. కాబట్టి ‘ఈశాన్యం’ అన్న జవాబు విలువ మూడు బిట్లు. ఆ ఊళ్లో ఏడాది పొడుగునా ఈశాన్యం గాలే అయితే మాత్రం ఆ జవాబు విలువ సున్నా.

ఈ లెక్కన ‘ఉభయకుశలోపరి’లో సమాచారం దాదాపు లేదు. కానీ ఒక ఉత్తరంలో ఆ మాట లేకపోతే? విప్పిన మనిషి గుండె ఝల్లుమనేది. లేకపోవడమే కబురు. టెలిగ్రాం సంగతీ అంతే. అందులో ఏముందో చదవకముందే, తపాలా మనిషి గుమ్మంలో నిలబడగానే ఇల్లంతా టెన్షన్. అరుదుగా వచ్చేది కాబట్టి రావడమే పెద్ద వార్త.

షానన్ కొలతలో గుర్తుంచుకోవాల్సింది, అది అర్థం జోలికి పోదు. ఆయనే ఆ వ్యాసం మొదట్లో ఇంజనీరింగ్ సమస్యకు అర్థంతో పనిలేదని స్పష్టంగా రాశాడు. స్టేషన్ దొరకని రేడియోలో వచ్చే బుస్సుమనే రొదను ఎవరూ ముందుగా ఊహించలేరు. షానన్ లెక్కలో అందులో బోలెడు సమాచారం ఉంది, మనకు పనికొచ్చేది గింజంత కూడా లేదు. మరి సంస్కృతికి ఈ లెక్కతో ఏం పని అంటే, చాలానే ఉంది.

వేమన పద్యానికి కాపలా

షానన్ చెప్పిన రెండో సంగతి, రొద ఉన్న దారిలో కబురు చెడకుండా వెళ్లాలంటే అవసరానికి మించి కొంత అదనంగా పంపాలి. ఫోన్‌లో సరిగ్గా వినపడనప్పుడు ‘ప కాదు, బ, బంతిలో బ’ అంటాం కదా, అది. ఆ అదనం వల్ల తప్పు దొర్లితే తెలుస్తుంది, కొన్నిసార్లు సరిదిద్దుకోవచ్చు కూడా.

మన ఛందస్సు ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. అందరికీ వచ్చిన పద్యంలోని ఒక పాదం తీసుకుందాం: ‘చూడచూడ రుచుల జాడ వేరు’. ఆటవెలది రెండో పాదంలో ఐదు సూర్యగణాలు ఉండాలి, అంటే ఒక్కోటీ గలం (గురువు, లఘువు) గానీ మూడు లఘువులు గానీ కావాలి. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. సరిపోయింది. నాలుగో గణం దగ్గర యతి కుదరాలి, అంటే అక్కడి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో పొంతన ఉండాలి. ఇక్కడ ‘చూడ’కూ ‘జాడ’కూ రెండో అక్షరం ‘డ’ కలిసి ప్రాసయతి అయింది.

ఇప్పుడు ఎవరో పొరపాటున ‘చూడగా చూడగా’ అన్నారనుకోండి. గణం తప్పింది, నడక కుంటుతుంది, ఛందస్సు రానివాళ్ల చెవికి కూడా ఎక్కడో తేడా కొడుతుంది. ‘రుచుల తీరు వేరు’ అన్నారనుకోండి. ‘తీరు’ కూడా గలమే కాబట్టి గణం సరిపోయింది, అర్థమూ బాగానే ఉంది. కానీ చూడకూ తీరుకూ యతి కుదరదు. మొదటి కాపలాదారుడు వదిలేసినా రెండోవాడు పట్టుకున్నాడు. ఇక ‘చూడచూడ విలువ జాడ వేరు’ అన్నారనుకోండి. ‘విలువ’ మూడు లఘువులు, ‘రుచుల’ కూడా మూడు లఘువులే. గణం ఒప్పుకుంటుంది, యతి ఒప్పుకుంటుంది. ఉప్పు, కర్పూరం చూడ్డానికి ఒకటే అయినా నాలుక మీద వేరు అన్న పద్యం, ధర వేరు అన్న పద్యంగా మారిపోతుంది, ఒక్క కాపలాదారుడూ లేవడు. ఇక్కడ కాపాడేది పద్యం అర్థం తెలిసిన మనిషి ఒక్కడే.

మకుటం సంగతి కూడా చూడండి. ‘విశ్వదాభిరామ’ అనగానే ‘వినురవేమ’ అని మూడో తరగతి పిల్ల కూడా అందుకుంటుంది. షానన్ లెక్కలో ఆ పాదం విలువ సున్నా. కానీ అది లేకపోతే ఇది ఎవరి పద్యమో చెప్పే ముద్ర పోతుంది. వేరేవాళ్లు కట్టి ఈ ముద్ర తగిలిస్తే అదీ వేమన పద్యమే అయిపోతుంది. అలా చేరినవి ఏవో తేల్చడానికి పండితులు తల పట్టుకున్నారు.

ఈ కాపలాను చివరి అంచుదాకా తీసుకెళ్లినవాళ్లు వేదపండితులు. కోనసీమ అగ్రహారాల్లో ఘనపాఠి అన్న మాట వినే ఉంటారు. ఘనపాఠంలో మూడు మాటల్ని ఇలా చెబుతారు: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. మూడు మాటల కోసం నోరు పదమూడు మాటలు పలుకుతుంది. తర్వాత రెండో మాట నుంచి మళ్లీ ఇదే వరస. తలకిందుల వరసలో వాక్యానికి అర్థం రాదు, రావాల్సిన పనీ లేదు. నిజానికి అందులోనే తెలివి ఉంది. అర్థం తోచిన మనిషి తనకు తోచినట్టు మాట సర్దేస్తాడు. అర్థం తోచని వరసలో సర్దడానికి వీలుండదు. ధ్వని అణువంత మారకుండా తరాలు దాటింది, అర్థం వేరే దారిలో, భాష్యాల్లో, వాదాల్లో మారుతూ వచ్చింది. యునెస్కో 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మౌఖిక వారసత్వంగా గుర్తించింది.

‘15 చుక్కలు, 8 దాకా సందు చుక్క’

ఇంకో కొలత ఉంది. 1960ల్లో రష్యన్ గణితవేత్త కోల్మగొరోవ్, అటు అమెరికాలో సోలొమొనాఫ్, చైటిన్ విడివిడిగా దాదాపు ఒకే ఆలోచనకు వచ్చారు. ఒక వస్తువులో ఎంత సమాచారం ఉందంటే, దాన్ని మళ్లీ తయారు చేయడానికి సరిపడే అతి చిన్న సూచన ఎంత పొడుగో అంత.

ధనుర్మాసంలో ముగ్గుల పుస్తకం చేతిలో పట్టుకున్న ఆడపిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ కింద ‘15 చుక్కలు, 8 వచ్చే వరకు సందు చుక్క’ అని ఉంటుంది. మధ్య వరసలో 15, పైకీ కిందికీ 14, 13, ఇలా 8 దాకా. లెక్కేస్తే 169 చుక్కలు. ఒక్కో చుక్క ఎక్కడ పెట్టాలో విడివిడిగా చెప్పబోతే పేజీలు కావాలి, నిజంగా కావాల్సింది ఆరేడు మాటలు. అదే ఎవరో పిడికెడు ముగ్గు విసిరితే పడ్డ 169 చుక్కలైతే పొట్టి దారి లేదు, ఒక్కొక్కటీ చెప్పాల్సిందే.

నోటితో, కంటితో తరాలు దాటే వాటిలో ఇలా కుదించగలిగేవే ఎక్కువ నిలుస్తాయి. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. తాళం. కథలో ఏడుగురు అన్నదమ్ములుంటే ఆరుగురు ఒకే తప్పు చేసి ఏడోవాడు ఒప్పు చేయడం. అయితే ఆ ఆరేడు మాటల సూచన సరిపోయేది ‘సందు చుక్క’ అంటే ఏమిటో తెలిసినవాళ్లకే. తెలియనివాళ్లకు అది ఒట్టి శబ్దం. మళ్లీ రాగిరేకు దగ్గరికి వచ్చాం.

ముఖారి అంటే ఏ ముఖారి?

రేకు మీద ‘ముఖారి’ అని ఉందనుకుందాం. అక్షరాలు స్పష్టం, సందేహం లేదు. అర్థం?

ఇవాళ కర్ణాటక సంగీతంలో ముఖారి ఖరహరప్రియ కుటుంబంలో చెప్పే రాగం. విషాదం పలికే రాగమని పేరు. కానీ 1550లో విజయనగరంలో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అనేది స్వరాలన్నీ శుద్ధంగా ఉండే మేళం (రాగాలకు మూలమైన స్వరాల వరస). ఇప్పటి పరిభాషలో దాన్ని కనకాంగి అంటాం. అంటే పేరు ఒకటే, స్వరాలు వేరు. అన్నమయ్య పోయిన యాభై ఏళ్లకు రాసిన గ్రంథమే ఇలా చెబుతుంటే, రేకు మీది పేరు చూసి ఇప్పటి ముఖారిలో పాడితే మనం ఆయన పాడిన రాగాన్ని పాడినట్టు కాదు. ఆబాలి, కొండమలహరి వంటి పేర్లయితే మరీ కష్టం. పేరుంది, పాడి వినిపించే గొంతు లేదు.

ఇది మూడో రకం సమాచారం, అర్థం. అది గుర్తులో ఉండదు. గుర్తుకూ, దాన్ని చదివేవాళ్లకు ముందే తెలిసినదానికీ మధ్య ఉంటుంది. తాళంచెవి భద్రంగా ఉన్నా తాళం మారిపోతే తలుపు తెరుచుకోదు.

అర్థం గురించి తత్వవేత్తల్లో ఒక తగువు ఉంది. సమాచారం అనాలంటే అది నిజమై ఉండాలా? లూచానో ఫ్లోరిడి వంటివాళ్లు ఉండాలంటారు. అబద్ధపు వాట్సాప్ ఫార్వర్డ్ వాళ్ల దృష్టిలో సమాచారం కాదు, సమాచారం వేషం వేసుకున్నది. ఇంకొందరు నిజమో కాదో తర్వాత చూసుకోవచ్చు, అర్థం ఉంటే చాలంటారు. వార్తల విషయంలో మొదటి పక్షం మాట నాకు నచ్చుతుంది. సంస్కృతి విషయంలో అది పనిచేయదు. పిల్లి ఎదురైతే ఆగడం నిజమనే అర్హత మీద తరాలు దాటలేదు. అయినా దాటింది, దాటి మనుషుల నడకను ఆపుతోంది.

రోహిణి కార్తె: ప్రకృతి చెప్పే కబురు

పొగ కనిపిస్తే నిప్పుంది. చెట్టు మొద్దులో వలయాలు వయసు చెబుతాయి. ఇక్కడ చెప్పేవాళ్లు ఎవరూ లేరు, ఒకదాని వల్ల ఇంకొకటి జరుగుతుంది కాబట్టి కబురు దానంతటదే ఉంది. తత్వవేత్తలు పాల్ గ్రైస్ 1957లో, ఫ్రెడ్ డ్రెట్స్కీ 1981లో ఈ తేడాను విడమరిచారు. మనుషులు ఒప్పందంతో పెట్టుకున్న గుర్తులు వేరు, ప్రకృతిలో సంబంధం వల్ల ఏర్పడ్డ గుర్తులు వేరు.

వ్యవసాయ సామెతల్లో ఈ రెండూ పెనవేసుకుని ఉంటాయి. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అంటాం. మే 25 ప్రాంతంలో మొదలై సుమారు రెండు వారాలుండే కార్తె అది. తర్వాత మృగశిర వస్తుంది, తొలకరి వస్తుంది, హైదరాబాద్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. సామెత మాటలు ఒప్పందం. కార్తెకూ ఎండకూ ఉన్న లంకె ప్రకృతిది.

ఇప్పుడు మాటలు చెక్కుచెదరకుండా ఉండి, లంకె జారిపోతే? నిజంగానే జారుతోంది, నెమ్మదిగా. మన పంచాంగం నక్షత్రాల లెక్క మీద నడుస్తుంది, ఋతువులు భూమి ఒరుగుదల మీద నడుస్తాయి. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల ఈ రెండింటికీ సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. వెయ్యేళ్లకు దాదాపు 14 రోజులు, అంటే ఒక కార్తె. ఒక కార్తె సామెత వెయ్యేళ్ల నాటిదైతే, అది పుట్టినప్పుడు చెప్పిన ఋతువు ఇప్పుడు దాని ముందటి కార్తె పేరుతో ఉండాలి. వానాకాలం తీరే మారుతుంటే ఆ జారుడు ఇంకా వేగం. సామెత అక్షరం పొల్లుపోకుండా మనవడికి చేరుతుంది. రైతుకు కావాల్సిన కబురు మాత్రం అందులోంచి ఇంకిపోతుంది.

విత్తనం ఓడెక్కింది, సున్నం ఎక్కలేదు

కబురు ఎవరికీ తెలియకుండానే పనిలో దాగి ఉండడం ఇంకో రకం. దీనికి మొక్కజొన్న కంటే మంచి ఉదాహరణ లేదు.

మెక్సికో ప్రాంతం వాళ్లు వేల ఏళ్లుగా మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలోనో బూడిద నీళ్లలోనో ఉడకబెట్టి, నానబెట్టి, కడిగి, రుబ్బుకునేవారు. పొట్టు ఊడుతుంది, పిండి సాగుతుంది. కొలంబస్ తర్వాత మొక్కజొన్న యూరప్‌కు వెళ్లింది. విత్తనం వెళ్లింది, మొలిచింది, పండింది. సున్నం వేసే అలవాటు వెళ్లలేదు. గిర్నీలో పొడిగా ఆడించి గంజి కాచుకున్నారు. పేదవాళ్లకు అదే మూడు పూటలా తిండి అయిన చోట పెలాగ్రా అనే జబ్బు పాకింది. చర్మం పగలడం, విరేచనాలు, మతి చెదరడం, చావు. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ దాన్ని వర్ణించాడు. అసలు కారణం నయాసిన్ అనే విటమిన్ లోటని 1937కు గాని తేలలేదు. మొక్కజొన్నలో నయాసిన్ ఉంటుంది, కానీ ఒంటికి పట్టని రూపంలో బిగుసుకుని ఉంటుంది. సున్నం దాన్ని విడదీస్తుంది.

సున్నం వేసిన అవ్వల్లో ఒక్కరికీ విటమిన్ సంగతి తెలియదు. ‘ఎందుకు’ అన్నది ఎవరి బుర్రలోనూ లేదు. చేసే పనిలో ఉంది, పనిని పొల్లుపోకుండా అనుకరించడంలో ఉంది. ఈ అనుకరణ మనుషుల్లో ఎంత బలమైనదో 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ చేసిన ప్రయోగం చూపింది. ఒక పెట్టెలోంచి తినుబండారం తీయడం చూపిస్తారు, మధ్యలో అక్కర్లేని పనులు కొన్ని చేస్తారు. పెట్టె పారదర్శకంగా ఉండి ఆ పనులు వృథా అని కళ్లకు కనిపిస్తున్నప్పుడు చింపాంజీలు వాటిని వదిలేసి నేరుగా తిండి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు మాత్రం చూసింది చూసినట్టు అన్నీ చేశారు. ఈ లెక్కన చింపాంజీలే తెలివైనవి అనిపిస్తుంది. కానీ అక్కర్లేనిదని తోచినదాన్ని వదిలేసే స్వభావం ఉంటే సున్నం మొదటి తరంలోనే పోయేది. అర్థం లేని ఆచారాలు మోసుకొచ్చేదీ, ప్రాణం నిలిపే ఆచారాలు మోసుకొచ్చేదీ ఈ ఒక్క స్వభావమే.

డాలస్‌లో పాకం

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు డాలస్ నుంచి వీడియో కాల్ చేసింది. అరిసెలు చేద్దామని బియ్యం నానబెట్టి తడిపిండి పట్టి పెట్టుకుంది. ఇక్కడ మా అమ్మ ఫోన్ ముందు కూర్చుంది. అరిసెలకు అంతా పాకంలోనే ఉంది. లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి.

‘అమ్మమ్మా, పళ్లెంలో నీళ్లలో వేశాను, ఉండ వస్తోంది. దించెయ్యనా?’

‘ఎలాంటి ఉండే?’

‘ఉండే అమ్మమ్మా, ఇదిగో చూడు.’

‘చూస్తే ఏం తెలుస్తుందే తల్లీ. వేలితో నొక్కు. జారిపోతోందా, నిలబడుతోందా?’

‘కొంచెం జారుతోంది.’

‘కొంచెం అంటే?’

ఆ ‘కొంచెం’ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. క్షణానికి లక్షల బిట్లు మోసే వీడియో అది, పొయ్యి మీద లేచే బుడగలు కూడా కనిపిస్తున్నాయి. కావాల్సింది వేలికొస తెలుసుకునే మెత్తదనం. అది ఆ తీగలో రాదు. మా మేనకోడలు చక్కెర పాకాల థర్మామీటరు తెచ్చింది. మెత్తని ఉండ పాకానికి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని దాని మీద ఉంది. ఆ అంకె దగ్గర దించింది. మొదటి వాయి పర్వాలేదు. రెండో వాయికి కొత్త బెల్లం ముక్క వేసింది, పిండి కూడా ఆరింది, అదే అంకె దగ్గర దించినా అరిసెలు గట్టిపడ్డాయి. అమ్మ అయితే పిండి ఆరిందని చేతికి తెలియగానే పాకం ఒక చిటిక ముందు దించేది. ఆ సర్దుబాటు ఏ అంకెలోనూ లేదు, అమ్మను అడిగినా చెప్పలేదు. ‘చేస్తుంటే తెలుస్తుంది’ అంటుంది.

పండితులు ఎక్కడ విడిపోయారు

సంస్కృతి ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా వెళ్తుందన్న దాని మీద ఉన్న వాదాలు, చాలావరకు ‘సమాచారం’ అంటే ఎవరు ఏ అర్థం తీసుకున్నారన్న దాని మీదే ఆధారపడ్డాయి.

1976లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ ‘మీమ్’ అనే మాట పుట్టించాడు. జన్యువు తనను తాను నకలు చేసుకున్నట్టే పాట, నమ్మకం, ఫ్యాషన్ ఒక బుర్ర నుంచి ఇంకో బుర్రకు నకలవుతాయని. ఘనపాఠానికి ఇది బాగా అతుకుతుంది. వంటకు అతకదు.

రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్సన్ ఇంత కచ్చితమైన నకలు అక్కర్లేదన్నారు. బోధన వల్లో అనుకరణ వల్లో ఇతరుల నుంచి నేర్చుకుని, మన ప్రవర్తనను మార్చగల సమాచారమే సంస్కృతి అని వాళ్ల నిర్వచనం. ఒక్కొక్కరు కాస్త తప్పు నేర్చినా, ఎక్కువ మంది చేసేదాన్నీ పేరున్నవాళ్లు చేసేదాన్నీ అనుసరించడం వల్ల జనంలో మొత్తం మీద సంప్రదాయం నిలుస్తుందంటారు. ఈ నిర్వచనంలో సమాచారం అంటే ప్రవర్తనను మార్చేది ఏదైనా సరే. విశాలంగా ఉండడం దాని బలం. అంత విశాలమైతే ఏది సమాచారం కాదో చెప్పడం కష్టమన్నది విమర్శ.

మానవశాస్త్రవేత్త డాన్ స్పెర్బర్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. మనసు నకలు తీయదు, ప్రతిసారీ కొత్తగా కట్టుకుంటుంది అంటాడు. 1932 నాటి పుస్తకంలో రాసిన ప్రయోగంలో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ కేంబ్రిడ్జ్ విద్యార్థుల చేత ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి తిరిగి చెప్పించినప్పుడు వాళ్ల దొన్నెలు మామూలు పడవలయ్యాయి, సీల్ జంతువుల వేట చేపల వేట అయింది. వింతగా ఉన్నది తమకు తెలిసినదానివైపు ఒరిగింది. కాబట్టి ఒక కథ వెయ్యి నోళ్లు దాటీ అలాగే ఉందంటే, నకలు బాగా తీశారని కాదు, అందరి మనసులూ దాన్ని ఒకే వైపు లాగుతున్నాయని అర్థం. బుర్రకథ దళాలు ఒకే కథను ఊరూరా వేరుగా చెప్పినా ‘అదే కథ’ అనిపించడానికి ఇది మంచి వివరణ.

ఇంకో మానవశాస్త్రవేత్త టిమ్ ఇంగోల్డ్ అయితే అసలు మూట ఏదీ చేతులు మారడం లేదంటాడు. ప్రతి తరమూ పెద్దల పక్కన, అదే పొయ్యి దగ్గర, అదే మగ్గం దగ్గర నిలబడి ఆ నేర్పును తనలో మళ్లీ పెంచుకుంటుంది. పెద్దలు చేసేది ఎటు చూడాలో చూపించడమే. మా అమ్మ ‘వేలితో నొక్కు’ అన్నది సరిగ్గా అదే. ఈ వాదానికి ఎదురు ప్రశ్న కూడా న్యాయమైనదే: నేర్చుకునేవాళ్ల చుట్టూ పరిస్థితులు తరతరానికీ మారుతున్నా నేర్పు నిలుస్తోందంటే, ఏదో ఒకటి అందుతున్నట్టే కదా?

నా మటుకు నేను వీళ్లలో ఒక్కరినే ఎంచుకోలేను. వేదం, పద్యం, ముగ్గు, సామెత, పాకం ఒకే దారిలో వచ్చాయనుకోవడం వల్లే తగువు తెగడం లేదనిపిస్తుంది.

మరి మనం వింటున్నది అన్నమయ్య పాటేనా?

‘నానాటి బతుకు నాటకము’ తెలియని తెలుగు ఇల్లు తక్కువ. నేదునూరి దానికి రేవతి రాగంలో బాణీ కట్టారు. రేకు మీద చెక్కిన రాగం అది కాదు. దీన్ని తప్పుపట్టేవాళ్లున్నారు, రాగం పేరు రాసిపెట్టి ఉండగా ఎందుకు మార్చాలని. సమర్థించేవాళ్లున్నారు, ఆ పేరు వెనక ఉన్న పాత రాగం ఎటూ మనకు లేదు, మాట పలికే భావాన్ని పట్టుకోవడమే మిగిలిన దారి అని. మొదటివాళ్లు గుర్తు వైపు నిలబడ్డారు, రెండోవాళ్లు అర్థం వైపు.

పక్కన త్యాగరాజును (1767–1847) పెట్టి చూస్తే సరిగ్గా తలకిందులు. ఆయన కృతులు ముఖ్యంగా శిష్యుల గొంతుల్లో బతికాయి. వాలాజాపేట, ఉమయాల్పురం, తిల్లైస్థానం పరంపరలు మూడూ ఒకే కృతిని కొద్ది కొద్ది తేడాలతో పాడతాయి. రాగం, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు), గమకం (స్వరాన్ని ఊపే తీరు) గురువు ఎదుట కూర్చుని నేర్చుకున్నవి కాబట్టి అందాయి. తెలుగు రాని గాయకులు పాడినప్పుడు మాట అక్కడక్కడా తప్పుచోట విరుగుతుంది, అర్థం చెదురుతుంది, బాణీ మాత్రం నిండుగా వస్తుంది. అన్నమయ్యకు మాట మిగిలి బాణీ పోయింది. త్యాగయ్యకు బాణీ మిగిలి, కొన్ని గొంతుల్లో మాట పలచబడింది.

ఆ రేకులు చెక్కిన కంసాలి గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. పల్లవికి పైన ‘ముఖారి’ అని ఉలితో కొట్టినప్పుడు అతను ఏదీ వదిలేయలేదు. ఆ రోజు తిరుమల మాడవీధుల్లో ఆ పేరు చెబితే పాడగలిగే గొంతులు ఉన్నాయి, పొద్దున్నా సాయంత్రం అతని చెవిన పడుతూనే ఉన్నాయి. అంత మందికి నోటికొచ్చినదాన్ని రాగి మీద ఎందుకు చెక్కాలి?